కుడి నుంచి ఎడమకి

యారాడ,
12–8–1998

ఒరే సింహాద్రీ,

అక్క దీవెనలు. నువ్వు ఓడెక్కి నాలుగు నెలలైనా అత్త పొద్దున్నే నీకు కూడా కలిపి టీ పెట్టేస్తోంది. తరవాత గుర్తొచ్చి ఆ గ్లాసు కూడా తనే తాగుతోంది.

నీ పార్సిలు అందింది. మీ ఓడ కంపెనీ ఆఫీసువాళ్ళు కార్డు రాస్తే వన్ టౌన్ వెళ్ళి తెచ్చుకున్నాను. అత్త మోకాళ్ళకి పంపిన పట్టీలు బాగా పనిచేస్తున్నాయి. ఫ్లాస్కు మూత కొంచెం సొట్టపోయింది, పరవాలేదు.

ఇక నువ్వు “అంగన్‌వాడీ పిల్లలకి” అని రాసి పంపిన బొమ్మల పుస్తకం సంగతి. అట్ట మీద ఆ పెద్ద పెద్ద కళ్ళు చూసి చిన్నపిల్లలదనుకుని ఉంటావు. నేనూ అలాగే అనుకుని పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని తెరిచాను. మొదటి పేజీలోనే పదిహేడేళ్ళ అమ్మాయీ అబ్బాయీ ఒకే గొడుగు కింద భుజాలు ఆనించుకుని నిలబడ్డారు. చిట్టమ్మ మనవరాలు “టీచరమ్మా, ఈలకి పెళ్ళైపోనాదా?” అని అడిగింది. పుస్తకం మూసేసి పిండి బస్తాల వెనక పెట్టేశాను.

పెట్టానన్న మాటే గాని ఉండబట్టలేదు. సాయంత్రం ఇంటికి తెచ్చి నేనూ అత్తా బొమ్మలు చూసుకుంటూ చివరిదాకా వెళ్ళాం. అక్షరం ముక్క అర్థం కాదు. అమ్మాయిది సైకిలు రిపేరు కొట్టు. అబ్బాయికో సైకిలుంది. మొదట్లో అంత దగ్గరగా ఉన్నవాళ్ళు పోనుపోను దూరమైపోయారు. మధ్యలో అతను బాగున్న టైరుని పిన్నీసుతో పొడుస్తాడు, ఎందుకో తెలీదు. చివరి పేజీలో అతను వీధిలో సైకిలు నడిపించుకుంటూ పోతున్నాడు, ఆమె తలెత్తి ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూస్తోంది. అంతే, అయిపోయింది.

“అచ్చం మన అర్జునరావులాగే సేసినాడే గుంటడు,” అని అత్త కళ్ళు తుడుచుకుంది. భీమిలి బావ సంగతి నీకు లీలగా గుర్తుండాలి, అప్పటికి నీకు పన్నెండేళ్ళు. నాతో గవ్వలేరుకున్నవాడు, మా ఇద్దరికే పెళ్ళని అందరూ అనుకున్నవాడు, ఒకరోజు వేరే పిల్లతో పెళ్ళి శుభలేఖ తెచ్చి పక్కింటివాళ్ళకిచ్చినట్టు ఇచ్చిపోయాడు. పదేళ్ళైంది, నాకు కోపం లేదు. కానీ ఇలాంటి విచారం పుస్తకాలు పిల్లలకి పంపకు.

డెక్కు మీద పరిగెత్తకు. నీళ్ళు కాచుకుని తాగు.

నీ అక్క
పుష్ప

*

సముద్రం మీద, ఆస్ట్రేలియాకి ఇంకో నాలుగు రోజులు
14–9–1998

అక్కకి దండాలు,

నాను బాగున్నాను. అత్తకి సెప్పు, ఇక్కడ ఇరవైరెండు మందికి టీ నానే పెడతన్నాను. గిన్నెలు తోమడం, బంగాళాదుంపలకి సెక్కు తియ్యడం, ఇదే నా పని. ఓడ బొగ్గు ఎక్కించుకోడానికి ఆస్ట్రేలియా ఎల్తాది, దింపడానికి జపాను ఎల్తాది. మళ్ళీ అదే. ఇశాపట్నం వైపు సూడదు.

నీ ఉత్తరం మా వంటాయనకి సదివి సెప్పినాను. ఆయనది ఫిలిప్పీన్సు. విని గరిటె పక్కన పెట్టీసి నవ్వడం మొదలెట్టినాడు. అక్కా, నువ్వు పుస్తకం తిరగేసి సదివీసినావ్. జపానోళ్ళది కుడి నుంచి ఎడమకట. మనకి ఆఖరి పేజీ అయినది ఆల్లకి మొదటి పేజీ. ఆల్లు ఇడిపోలేదు, అప్పుడే కలిసినారు. ఈ రకం బొమ్మల పుస్తకాల్ని మాంగా అంటారట.

నీకు పంపినది నాను కొనలేదు. జపాను రేవులో ఓడ పనోళ్ళ కోసం ఒక క్లబ్బు ఉన్నాది. అక్కడ బీరువాలో సదివీసిన పుస్తకాలు ఉంటాయి, ఎవులైనా తీసుకోవచ్చు. అక్కడుండే ముసలామెకి సైగలతోటి మా అక్క సదివిందని సెప్పినాను. ఆవిడ ఎంత సంబరపడిపోనాదో. ఆ కథ మొత్తం పన్నెండు పుస్తకాలట. రెండు నుంచి ఐదు వరకు నాలుగు కట్ట కట్టి ఇచ్చింది. కంపెనీ సంచిలో ఏసీసినాను.

ఈసారి సరిగ్గా పట్టుకుని సదువు.

నీ తమ్ముడు
సింహాద్రి

*

యారాడ,
25–10–1998

సింహాద్రీ,

నీ ఉత్తరం నాకు అందే వేళకి ఆ సంగతి తెలిసి పదిరోజులైంది. ఎలాగో విను.

పార్సిలు వచ్చిందని కార్డు వస్తే ఆఫీసుకెళ్ళాను. పార్సిళ్ళు చూసే గుమాస్తా సీతారామాంజనేయులు గారని, గోదావరి జిల్లా ఆయన. రిజిస్టరు నా ముందుకి తోసి, “మొదటి పుస్తకం ఎలా ఉందండీ?” అన్నారు. లోపల ఏముందో లిస్టు రాయాలి కాబట్టి ఆయన విప్పి చూస్తారట. అలా చూసినప్పుడు ఆ పుస్తకం మొత్తం చదివేశారట. నేను, చాలా విచారంగా ఉందండీ, ఏడుపొచ్చింది అన్నాను. ఆయన కలం కింద పెట్టేశారు. “ఏడుపా? నేను నవ్వుతుంటే మేనేజరు గారు లోపల్నుంచి వచ్చి చూశారండి.” తరవాత ఆయనకే తట్టింది. “మీరు అటు కాదండి, ఇటు తెరవాలి.”

జపాను భాష వచ్చా అంటే రాదన్నారు. ఓడలమీద పుస్తకాలు చాలా చూశారట, అందుకని తెలుసట.

ఇంటికొచ్చి మొదటిది మళ్ళీ కుడి నుంచి చదివానురా. ఆ అబ్బాయికి అసలు సైకిలు తొక్కడమే రాదు. ఆ కొట్టులో పిల్లని చూడ్డం కోసం సైకిలు సంపాదించాడు. టైరు పొడిచేది మళ్ళీ రిపేరుకి రావడానికి. అత్త రెండు పూటలు నవ్వింది.

ఇందులో ఏముందని అడిగితే ఏమీ లేదు. ఆస్తి తగాదాల్లేవు, విషం కలిపిన పాలు లేవు. చెడ్డవాళ్ళే లేరు. అమ్మానాన్నలు కూడా ఎక్కడికి పోయారో కనపడరు. ఆ అబ్బాయి ఒక్క మాట చెబుదామని వస్తాడు. నోరు తెరిచేసరికి రైలు పోతుంది, లేకపోతే కుక్క మొరుగుతుంది. మన వారపత్రిక సీరియల్లో అయితే నాలుగో వారానికి పెళ్ళి, ఐదో వారం నుంచి ఏడుపు. వీళ్ళు ఆ ఏడుపుకి ముందుండే రోజుల్నే సాగదీసి సాగదీసి గీస్తారు. ఆ రోజులు నేను సరిగా గడపలేదు కాబోలు, ఒక్కో పేజీ దగ్గర పావుగంట కూర్చుంటున్నాను.

రెండోది తెచ్చుకున్నాను. అది కూడా అయిపోవచ్చింది.

పుష్ప

*

జపాను రేవు
2–12–1998

అక్కా,

రెండోది తెచ్చుకున్నాను అని రాసినావ్. మరి మిగతా మూడూ ఏవి? నాను నాలుగు పంపినాను. నా సేత్తో కట్ట కట్టినాను. ఆ గుమాస్తా పార్సిలు విప్పి సదువుతాడని నువ్వే రాసినావ్. ఇప్పుకున్నోడు ఉంచుకోడని ఏటి నమ్మకం?

ఇంకో మాట. మొన్న గాజువాక అప్పలసూరి మా ఓడలో చేరినాడు. బయల్దేరే ముందు కాగితాల కోసం ఆ ఆఫీసుకి పోతే నువ్వు ఉన్నావట. గంటసేపు ఆ గుమాస్తా బల్ల దగ్గర కుర్చీలో కూకుని ఇద్దరూ ఒకటే నవ్వులట. అందరి ముందూ మెస్సులో సెప్పినాడు. నాను ఏటీ అనలేక సింకు దగ్గరకి ఎల్లిపోనాను.

నీ మీద నాకు అనుమానం కాదు. నువ్వు అమాయకురాలివి. ఆఫీసులో మనుషులు వేరేగా ఉంటారు. ఇంకమీదట నువ్వు ఎల్లకు, చిట్టమ్మ కొడుకుని పంపు.

సింహాద్రి

*

యారాడ,
6–1–1999

సింహాద్రీ,

కొత్త సంవత్సరం దీవెనలు. నీ దగ్గర్నుంచి రెండున్నర నెలలుగా ఉత్తరం లేదు. సముద్రం బాగోలేదా?

ఇక్కడ మాకు మంచి కాలక్షేపంగా ఉంది. క్రిందటి ఆదివారం సీతారామాంజనేయులు గారు మూడో పుస్తకం పట్టుకుని ఆయనే వచ్చారు, సింధియా దగ్గర బస్సు మారి. అత్త కానాగంతల పులుసు చేసింది. ఆయనకి చేప ముల్లు తియ్యడం రాదు. గోదావరి మనిషివై ఉండి ఇదేం చోద్యం అని అత్త పక్కన కూర్చుని తనే ముళ్ళు తీసి పెట్టింది. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసేసరికి తన వయసు దాటిపోయిందట, ముప్పైఎనిమిది. వన్ టౌన్‌లో గది తీసుకుని ఉంటున్నారు. నువ్వెప్పుడు దిగుతావని రెండుసార్లు అడిగారు.

భోజనాలయ్యాక ముగ్గురం పుస్తకం ముందేసుకున్నాం. అందులో మాటల బుడగలుంటాయి కదా, ప్రతి బుడగకీ మేమే తెలుగు మాట చెప్పుకుంటాం, ఆయన సన్నగా పెన్సిలుతో పక్కన రాస్తారు. ఒకచోట ఆ పిల్ల ట్యూబుని నీళ్ళలో ముంచి చిల్లు చూసి ఏదో అంటుంది. ఆయన “మళ్ళీ ముల్లేనా?” అని రాశారు. నేను కాదన్నాను. ఆ పిల్లకి తెలిసిపోయిందండీ, మొహం చూడండి అన్నాను. “అయితే ఏమంటుందంటారు?” అన్నారు. “రేపు కూడా ముల్లు గుచ్చుకుంటుందా? అని అడుగుతుంది,” అన్నాను. ఆయన చాలాసేపు ఆ బొమ్మే చూసి, తను రాసింది చెరిపేసి నాది రాశారు.

అత్తకి మాత్రం ఓపిక లేదు. “ఓలమ్మ, మూడు పుస్తకాలైనా ఆ గుంటడు నోరిప్పడేటే,” అంటుంది.

ఒరే, నేనింత నవ్వి ఎన్నాళ్ళైందో. అందుకే నీకు రాయాలనిపించింది.

పుష్ప

*

సముద్రం మీద
20–2–1999

అక్కా,

నీ జనవరి ఉత్తరం అందింది. వద్దని నాను రాస్తే, ఆయన్ని ఇంటికే పిలిచి బువ్వ పెట్టినావ్. నా ఉత్తరం అందలేదంటావా? అందే ఉంటాది.

మూడో పుస్తకం ఆడి దగ్గర్నుంచే వచ్చిందంటే మిగతావి ఆడి దగ్గరే ఉన్నట్టే కదా. ఒక్కొక్కటి సూపించి ఇంటికి రావడం మొదలెట్టినాడు. నాను ఊరుకోలేదు. కేప్టెన్ గారి సేత ఇంగ్లీషులో రాయించి కంపెనీకి పంపినాను, మీ గుమాస్తా పార్సిళ్ళలో వస్తువులు ఉంచుకుంటన్నాడు, ఇచారించండని.

నీ మంచికే సేసినాను. కోపం తెచ్చుకోకు.

సింహాద్రి

*

యారాడ,
28–3–1999

సింహాద్రికి,

నీ రెండుత్తరాలూ నాలుగురోజుల తేడాలో వచ్చాయి. మొదటిది ఏ సంచిలో ఉండిపోయిందో.

వస్తువులేవీ పోలేదు. పార్సిలు వచ్చిన రోజే నాలుగు పుస్తకాలూ అందినట్టు నేను సంతకం పెట్టాను. ఒకటి తీసుకుని మూడు ఆయన బల్ల మీద వదిలేసి వచ్చాను. ఆయన ఉంచమనలేదు. నేనే వదిలేశాను. నీకు ఈ అనుమానం రాకముందు నువ్వు పంపిన ఆరూ ఏడూ వచ్చినప్పుడు కూడా అలాగే చేశాను. మళ్ళీ అక్కడికి వెళ్ళడానికి నాకో పని కావాలి కదా. ఇది తమ్ముడికి ఉత్తరంలో ఎలా రాస్తారో నాకు తెలీక రాయలేదు.

నీ కాగితం వచ్చాక ఆయన్ని అడిగారట. రిజిస్టరు తీసి నా సంతకం చూపిస్తే సరిపోయేది. చూపించలేదు. ఆ ఆఫీసులో టీ ఇచ్చే కాశమ్మ అంతా విన్నది. “సంతకం పెట్టి పుస్తకాలు ఎందుకు వదిలెళ్ళిందని అడుగుతారు కదండీ, ఆవిడ పేరు నలుగురి నోట్లో పడుతుంది,” అని కాశమ్మతో అన్నారట. పదమూడేళ్ళు చేసిన చోటు నుంచి ఆయన్ని కాకినాడ ఆఫీసుకి పంపేశారు. నాకు చెప్పకుండానే వెళ్ళిపోయారు. నాకోసం ఉంచిన పుస్తకాలు కాశమ్మ తెచ్చి ఇచ్చింది.

ఇంక పుస్తకాలు పంపకు. అత్త కులాసా.

పుష్ప

*

జపాను రేవు
5–5–1999

అక్కకి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు సదివినానో. కాగితం మడతల దగ్గర సిరిగిపోనాది.

ముందు సేసిన పని సెప్తాను. మళ్ళీ కేప్టెన్ గారి కాళ్ళ మీద పడినంత పని సేసి, నా ఫిర్యాదు తప్పు, వస్తువులన్నీ అందినాయని రాయించి పంపినాను. ఆ గుమాస్తా గారికి కాకినాడ ఆఫీసు పేర వేరేగా తెలుగులో రాసినాను, సెమించమని.

తర్వాత ఆ క్లబ్బుకి పోయినాను. నీకు పంపీసిన పుస్తకాలే బీరువాలో ఇంకో కట్ట కూడా ఉన్నాది. ఓడ రేవులో నాలుగు రోజులు ఆగింది. మొదటి దాన్నించి పదకొండో దాని దాకా అక్కడే కూకుని సూసినాను, కుడి నుంచి ఎడమకి. మొదట నవ్వొచ్చింది. ఏడో పుస్తకంలో ఆ పిల్ల అన్న, ఆ గుంటణ్ణి కొట్టు కాడికి రావద్దని తరిమీస్తాడు. ఆడు చెడ్డోడు కాదు. సెల్లెలంటే పేణం. కాని ఆ పిల్లని ఒక్క మాట అడగడు. నాను ఆ పేజీ కాడ ఆగిపోనాను అక్కా.

అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మరుసటేడు నాన్న పోనాడు. నువ్వు కాలేజీకి ఎల్తానన్నదానివి మానీసి నాకు బువ్వొండినావ్. నాను ఎక్కడికి పోయినా నువ్వు ఇంట్లో ఉంటావని నా ధైర్యం. నీకేటి కావాలో ఎప్పుడూ అడగలేదు. అడక్కుండానే వద్దని రాసీసినాను.

పన్నెండోది ముసలామె నవ్వుతూ సేతిలో పెట్టింది. ఇప్పలేదు. నీ కోసం దాసినాను. ఎనిమిది నుంచి పదకొండు దాకా మాత్రం నువ్వు వద్దన్నా కంపెనీ సంచిలో ఏసీసినాను.

ఆయన మనసులో ఏటుందో నాకు తెలీదు. నీకు తెలుసుకోవాలని ఉంటే ఎల్లి అడుగు. ఊరు ఏటంటాదో నాను సూసుకుంటాను. నా అనుమతి కూడా అక్కర్లేదు, ఇచ్చీడానికి నానెవర్ని.

జులై ఆఖరికి దిగుతాను.

తప్పు సేసిన తమ్ముడు
సింహాద్రి

*

యారాడ,
20–6–1999

ఒరే నాన్నా సింహాద్రీ,

నీ మీద కోపం ఉత్తరం చదువుతుండగానే పోయింది. ఆ విషయం ఇంక ఎత్తకు.

మొన్న గురువారం కాకినాడ వెళ్ళాను. అంగన్‌వాడీకి సెలవు పెట్టి దువ్వాడలో పొద్దుటి రైలెక్కి సామర్లకోటలో దిగి, అక్కణ్ణుంచి బస్సు. అత్తకి నెలవారీ మీటింగని చెప్పాను. దారంతా ఆ పుస్తకాల గురించే ఆలోచించాను. వాళ్ళు చెప్పుకోకుండా ఉండడమే మొదట్లో నాకు అంత ఇష్టంగా ఉండేది. ఎనిమిదో పుస్తకం దగ్గర మొదటిసారి వాళ్ళమీద విసుగొచ్చింది. వాళ్ళకి ఎప్పటికీ పదిహేడేళ్ళే, తరవాతి పుస్తకం సిద్ధంగా ఉంటుంది. నాకు ముప్పైఒకటి వస్తోంది.

ఆఫీసు రేవు పక్కనే. కిటికీ దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. సన్నబడ్డారు. నన్ను చూసి లేచి, “తమ్ముడికి ఉత్తరమేమైనా పంపాలాండీ?” అన్నారు.

“ఉత్తరం లేదు. మీతోనే పని,” అన్నాను.

“భోంచేశారా?”

“ముందు నా మాట వినండి. నాను మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుకుంటన్నాను. మీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పీండి, నాలుగింటికి సామర్లకోట బస్సుంది.” రైల్లో మంచి భాషలో అనుకున్నదంతా పోయి మన మాటే వచ్చేసింది.

ఆయన కుర్చీ నా వైపు జరిపి, తను నిలబడే ఉన్నారు. “ఈ మాట నేను జనవరిలోనే అడిగానండి,” అన్నారు.

“ఎవర్ని?”

“మీ అత్తగారిని. నేను పుస్తకం తెచ్చినరోజు మీరు మజ్జిగ కోసం పక్కింటికి వెళ్ళినప్పుడు. సింహాద్రి ఇంటికి మగదిక్కు, అతనికి చెప్పకుండా మాటివ్వలేను, అడిగి చెబుతానన్నారండి. ఆగాను. తరవాత మీ తమ్ముడు కంపెనీకి రాసిన కాగితం వచ్చింది. అదే జవాబనుకున్నాను.”

“క్షమాపణ ఉత్తరం రాశాడు కదండీ.”

“రాశాడండి. పుస్తకాల గురించే రాశాడు. పెళ్ళి మాట ఎత్తలేదు కదా, ఆ జవాబు మారలేదనుకున్నాను.”

నేను అక్కడే కూర్చుని ఎంతసేపు నవ్వానో, ఎంతసేపు ఏడ్చానో చెప్పలేను. పక్క బల్ల ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి అత్తని నిలదీశాను. నీకు కార్డు రాయించాలని అంగన్‌వాడీ ఆయా దగ్గరకి రెండుసార్లు వెళ్ళిందట. ఆయాకి చెబితే ఊరంతా తెలుస్తుందని వెనక్కి వచ్చేసిందట. ఆయన కాకినాడ పోయాక, అతనే వద్దనుకుని పోయాడు కాబోలు, ఈ సంగతి చెప్పి నిన్నెందుకు ఇంకోసారి ఏడిపించాలని ఊరుకుందట. “మరి నన్నే అడగొచ్చు కదత్తా,” అంటే, “నిన్ను అడగాలని నాకు తోసనేదే,” అంది. అలా అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మీ ఇద్దరిదీ ఒకటే జబ్బు.

ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో సింహాచలంలో పెళ్ళి. నువ్వు దిగేదాకా ముహూర్తం పెట్టించనన్నాను. ఆయన ఉద్యోగం మానక్కర్లేదు, విశాఖ ఆఫీసుకి తిరిగి వేస్తామని మేనేజరు గారు రాశారట, నీ రెండో కాగితం చూసి. మేం యారాడలోనే ఉంటాం. నీ గది నీదే. పన్నెండోది జాగ్రత్తగా తీసుకురా, అత్త నన్ను రోజూ అడుగుతోంది.

ఆ రోజు మేం మాట్లాడుకుంటుండగానే నాలుగింటి బస్సు వెళ్ళిపోయింది. నాకు కంగారుపుట్టి, ఇప్పుడెలాగండీ అన్నాను. “అయిదున్నరకి ఇంకొకటుందండి,” అన్నారు. ముందే ఎందుకు చెప్పలేదంటే, తలొంచుకుని నవ్వారు.

మీ అక్క
పుష్ప